టీమ్ బిల్డింగ్‌కి కాపీరైట్ లేని బొమ్మలు: మా ప్లాంట్‌లో రెండుసార్లు చేశాం

పాతిక మంది స్టాఫ్‌తో ఒక పూట బొమ్మలేయించాలి, కాపీరైట్ గొడవ రాకూడదు, ఏ బొమ్మ తీసుకోవాలి అని అడిగారు కదా. భీమవరం దగ్గర రొయ్యల ప్లాంట్‌లో మేం ఇది రెండుసార్లు చేశాం. మొదటిసారి తుస్సుమంది.

ముందు కాపీరైట్. మన చట్టంలో చిత్రకారుడు పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు లెక్క. మావాళ్ళు ‘మన నరసాపురం ఆయన’ అని బాపు బొమ్మే కావాలన్నారు. ఆయన పోయింది 2014లో, అంటే 2074 చివరిదాకా ఆగాలి. రాజమండ్రి దామెర్ల రామారావు 1925లోనే పోయారు కాబట్టి ఆయన బొమ్మలకి ఏ ఇబ్బందీ లేదు. రవివర్మవీ అంతే.

మొదటిసారి జపాన్ హొకుసాయ్ గీసిన పెద్ద అల తీసుకున్నాం. న్యూయార్క్ మెట్ మ్యూజియం ఇలాంటి పాత బొమ్మల ఫోటోలు 2017 నుంచి ఎవరైనా వాడుకోవచ్చని వదిలేసింది. దాన్ని 24 ముక్కలు చేసి మనిషికొకటి ఇచ్చాం. ఎవరి ముక్క వాళ్ళు చార్టు మీద పెద్దగా వేసి, చివర్లో అన్నీ అతికించాలి. ఆకాశం ముక్క వచ్చినవాళ్ళు ఐదు నిమిషాల్లో ముగించి ఫోన్లు తీశారు. అతికించాక చూస్తే అల ఒకచోట, నురగ ఇంకోచోట.

రెండోసారి యూరప్ చిత్రకారుడు బ్రూగెల్ 1560లో వేసిన పిల్లల ఆటల బొమ్మ తీసుకున్నాం. ఉచితంగా బొమ్మలు దొరికే వికీమీడియా కామన్స్ వెబ్‌సైట్‌లో పెద్ద సైజులో దొరుకుతుంది. రెండొందల మందికి పైగా పిల్లలు, అందుకని ఖాళీ ముక్క రావడం కష్టం. పైన కొంచెం కోసేస్తే అడ్డం ఆరు, నిలువు నాలుగు సరిపోయింది. ఎడమ వైపు కింది మూలలో ఇద్దరు కూర్చుని ఎముక ముక్కలు ఎగరేస్తుంటారు. రొయ్యల్ని సైజుల వారీగా వేరుచేసే మా గ్రేడింగ్ సెక్షన్ అక్క ఒకావిడ చూడగానే “ఇవి అచ్చనగాయలు కదండీ!” అంది. అక్కణ్నుంచి ఎవరూ ఆగలేదు. ఒంగుళ్ళు దూకుళ్ళు, కళ్ళగంతలు, చక్రాలు దొర్లించడం... వెతుక్కోవడానికే అరగంట పట్టింది. నిజం చెప్పాలంటే నాకు రంగుల కన్నా ఆ అరగంటే నచ్చింది.

ఈసారి రెండు మార్పులు చేశాం. పక్కపక్క ముక్కలు వేరే సెక్షన్లవాళ్ళకి ఇచ్చాం. అంచు మీద గీత ఎక్కడ తగలాలో పక్కవాళ్ళతో కలిసి పెన్సిల్‌తో గుర్తు పెట్టుకున్నాకే రంగు ముట్టుకోవాలన్నాం. కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలన్న లెక్క) తేడా వస్తే తప్ప గ్రేడింగ్ వైపు తొంగిచూడని అకౌంట్స్ అబ్బాయి, ఆ అక్క పక్కన చేరి “కాలు మీ వైపు ఇంకొంచెం పొడుగు రావాలండి” అని బతిమాలాడు.

పోస్టర్ కలర్స్ చాలు. వానాకాలమైతే ఆరడానికి ఎక్కువ టైం పెట్టుకోండి. మేం తొందరపడి భోజనాలప్పుడే అతికించాం. క్యాంటీన్ గోడ మీద ఉన్న మా బొమ్మలో ఒక పిల్లాడి చొక్కాకి ఇప్పటికీ చేపల పులుసు మరక ఉంది.