పాత లారీ డీజిల్ టాంకులో ఏది పోయవచ్చు, ఏది పోయకూడదు: మేనల్లుడికి లేఖ

విజయనగరం.

చిరంజీవి మేనల్లుడిని మావయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం అందింది. నరసన్నపేటలో పాత ఆరు సిలిండర్ల లారీ కొన్నావని, ధాన్యం లోడ్లకు తిప్పుతున్నావని తెలిసి చాలా సంతోషించాను. ఉదయం స్టార్టు చేసినప్పుడు ఇంజను గట్టిగా కొట్టుకుంటున్నదని, మైలేజీ తగ్గిందని, లారీ స్టాండులో ఒకరు డీజిల్‌లో టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ స్కూటర్ల నూనె) కలపమంటే ఇంకొకరు స్టీరింగ్ ఆయిల్ కలపమన్నారని, మరొక పెద్దమనిషి ఇంజను నుంచి దించిన నల్ల ఆయిల్‌ను గుడ్డలో వడగట్టి పోస్తే డీజిల్ ఖర్చు కలిసివస్తుందని చెప్పాడని వ్రాశావు. వీటిలో ఏది మంచిదో ఒక్క మాటలో చెప్పమన్నావు. సాలూరులోను, ఆ తరువాత విజయనగరంలోను డీజిల్ పంపులు విప్పి బిగించడంలోనే నా వయసంతా గడిచింది కాబట్టి చెప్పగలను గాని, ఒక్క మాటలో చెబితే నీకు ఉపయోగపడదు. టాంకులో పోసినది ఎక్కడికి వెళ్తుందో తెలిస్తే, రేపు స్టాండులో ఎవరు ఏ కొత్త సలహా ఇచ్చినా దాని మంచిచెడ్డలు నువ్వే తేల్చుకోగలవు.

నీ బండికి ఉన్నది ఆరు ఎలిమెంట్ల ఇన్‌లైన్ పంపు, అంటే సిలిండరుకు ఒకటి చొప్పున ఆరు చిన్న పంపులు ఒకే వరుసలో ఉన్న డీజిల్ పంపు. ఒక్కొక్క ఎలిమెంటులో ఒక బ్యారెల్, దానిలో పైకీ కిందికీ ఆడే ఒక ప్లంజరు ఉంటాయి. ఆ రెండింటి మధ్య ఉండే సందు రెండు మూడు మైక్రాన్లు మాత్రమే. మనిషి తలవెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. ఆ సందులో సీలు లేదు, గ్రీజు లేదు. ఇనుము ఇనుమును రాసుకోకుండా అడ్డుగా నిలిచేది పలచని డీజిల్ పొర ఒక్కటే. పంపు అడుగున ఉన్న కామ్‌షాఫ్టుకు ఇంజనాయిల్ అందుతుంది గాని, పైన ఉన్న ఎలిమెంట్లకు, ఆ తరువాత వచ్చే నాజిళ్లకు డీజిలే ఇంధనం, డీజిలే నూనె. నాజిల్ సూది సుమారు 200 బార్ల ఒత్తిడి (మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి సుమారు రెండు వందల రెట్లు) దగ్గర తెరుచుకొని, అతి సన్నని రంధ్రాల గుండా డీజిల్‌ను సిలిండరులోకి మంచులాగా చిమ్మి, మరుక్షణం చుక్క కూడా కారకుండా మూసుకోవాలి. నువ్వు టాంకులో ఏది పోసినా అది ఈ సందుల గుండా, ఈ రంధ్రాల గుండా పోవలసిందే.

ఇక స్టాండులో వినిపించే మొదటి వాదం సంగతి. డీజిల్‌లో గంధకం తీసేశారు కాబట్టి పాత పంపులు అరిగిపోతున్నాయని అంటారు. గంధకం తగ్గిన మాట నిజమే. భారత్ స్టేజ్ (బీఎస్) అనే ప్రభుత్వ కాలుష్య ప్రమాణాలలో మూడవదాని డీజిల్‌లో పది లక్షల పాళ్లకు 350 పాళ్ల వరకు ఉండే గంధకం, 2017 ఏప్రిల్ నుంచి దేశమంతటా వచ్చిన బీఎస్ నాలుగులో 50 పాళ్లకు, 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్ ఆరులో 10 పాళ్లకు దిగింది. అయితే పంపుకు జారుడునిచ్చింది గంధకం కాదు. రిఫైనరీలో హైడ్రోజన్‌తో గంధకాన్ని తొలగించేటప్పుడు, లోహాన్ని అంటిపెట్టుకొని ఉండే మరికొన్ని సహజమైన పదార్థాలు కూడా పోతాయి. జారుడు తగ్గేది అందువల్లనే. ఈ సంగతి తెలిసినందువల్లనే మన డీజిల్ ప్రమాణంలో జారుడుకు కూడా ఒక పరీక్ష పెట్టారు. డీజిల్‌లో ముంచిన ఉక్కు గుండును ఉక్కు పలకపై రుద్దినప్పుడు పడే అరుగుడు మచ్చ 460 మైక్రాన్లు దాటకూడదు. ఆ హద్దులోకి రావడానికి కావలసిన మందును కంపెనీలే కలిపి బంకుకు పంపుతాయి. కాబట్టి మంచి బంకులో కొట్టించిన డీజిల్ నీ పంపును ఎండబెట్టి చంపదు. నా బల్ల మీదికి వచ్చిన పాడైన పంపులలో ఎక్కువ భాగం నీటివల్ల, మట్టివల్ల, కల్తీవల్ల పోయినవే.

ఇప్పుడు టూటీ ఆయిల్ మాట. పాత స్కూటర్లలో పెట్రోలుతో కలిసి పూర్తిగా కాలిపోవడానికే తయారైన నూనె కాబట్టి, నువ్వు చెప్పిన మూడింటిలో తక్కువ హాని చేసేది ఇదే. బూడిద తక్కువగా మిగిల్చే మంచి రకమైతే, 200 లీటర్ల డీజిల్‌కు ఒక లీటరు చొప్పున కలిపినప్పుడు ఇన్‌లైన్ పంపు ఉన్న బండికి హాని జరగడం నేను చూడలేదు. పంపు చప్పుడు కొంచెం మెత్తబడిందని కొందరు డ్రైవర్లు చెప్పారు. కొన్ని బండ్లలో నా చెవికీ అలాగే అనిపించింది. అయినా మైలేజీ పెరుగుతుందని నీకు మాట ఇవ్వలేను, ఎందుకంటే ముందూ వెనుకా సరిగ్గా కొలిచి చూసినప్పుడు చెప్పుకోదగ్గ తేడా నాకు ఎన్నడూ కనబడలేదు. పోయాలనిపిస్తే ముందు నూనె పోసి, ఆ తరువాత డీజిల్ కొట్టించు. అప్పుడే బాగా కలుస్తుంది. లీటరు మంచిదైతే రెండు లీటర్లు ఇంకా మంచిదని మాత్రం అనుకోకు. మోతాదు పెరిగితే నాజిల్ మొనపై మసి కడుతుంది, పొగ పెరుగుతుంది. సైలెన్సరులో మసి పట్టే వడపోత ఉన్న బీఎస్ ఆరు బండ్లలో ఒక్క చుక్క కూడా పోయకూడదు. నీ స్నేహితుడు కొత్త బండి కొన్నాడని వ్రాశావు గనుక ఈ మాట అతనికి తప్పక చెప్పు.

స్టీరింగ్ ఆయిల్, అంటే ఆటోమేటిక్ గేరుబాక్సులలో కూడా వాడే ఆ ఎర్రనూనె, నాజిళ్లను కడుగుతుందనే నమ్మకం చాలా దేశాలలో ఉంది. ఆ నూనెను క్లచ్ పలకల పట్టుకోసం, హైడ్రాలిక్ ఒత్తిడికోసం తయారు చేశారే గాని కాలడానికి కాదు. పేరుకున్న మసిని కరిగించే గుణం దానిలో జనం అనుకున్నంత లేదు. కొత్త ఫిల్టరు బిగించేటప్పుడు దానిని నింపడానికి కొందరు ఈ నూనె వాడుతారు. నువ్వు శుభ్రమైన డీజిల్‌తోనే నింపి, చేతి ఫీడ్ పంపు కొట్టి పైపులలో చిక్కిన గాలిని బయటికి తీసెయ్యి. డబ్బు పెట్టి కొన్న మంచి నూనెను కాల్చివేయడం నాకు ఇష్టం లేదు.

నల్ల ఆయిల్ విషయంలో నీకు గట్టిగా చెప్పవలసి ఉంది. నా చిన్నతనంలో సాలూరులో ఒక యజమాని దగ్గర నాలుగు బండ్లు ఉండేవి. చాంబరు (ఇంజను అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) నుంచి దించిన ఆయిల్‌ను పాత పంచెలో వడగట్టి, రెండు రోజులు డ్రమ్ములో తేర్చి, వంద లీటర్ల డీజిల్‌కు ఐదు లీటర్ల చొప్పున కలిపించేవాడు. మొదటి రెండు నెలలు ఆయన ఆనందానికి హద్దు లేదు. మూడవ నెలలో ఫిల్టర్లు వారానికొకటి మూసుకుపోవడం మొదలైంది. ఆ తరువాత ఒక బండి సుంకి ఘాటు దిగి, సాలూరు దాటి రామభద్రపురం సమీపానికి వచ్చేసరికి, డ్రైవరు ఆక్సిలరేటరు మీద నుంచి కాలు తీసినా ఇంజను వేగం తగ్గలేదు. పంపులో డీజిల్ ఎంత పోవాలో నిర్ణయించే కడ్డీ, అంటే ర్యాకు, జిగురు పట్టి, ఎక్కువ డీజిల్ ఇచ్చే చోటనే అతుక్కుపోయింది. ఆ డ్రైవరు అనుభవజ్ఞుడు కాబట్టి టాపు గేరు వేసి, బ్రేకు నిండా తొక్కి, క్లచ్ వదిలి ఇంజనును ఆపగలిగాడు. అదే ఇంకొక గంట ముందు ఘాటు మలుపులో జరిగి ఉంటే ఏమయ్యేదోనని ఇప్పుడు తలచుకున్నా నాకు గుండె దడదడలాడుతుంది. ఆ పంపును విప్పింది మా గురువుగారు, పక్కన కూర్చొని దీపం పట్టుకున్నది నేను. ఆరు ఎలిమెంట్ల మీద నిలువు గీతలు, నాజిల్ మొనల మీద బొగ్గు గడ్డలు కళ్లారా చూశాను.

కారణం ఊహించడం కష్టం కాదు. వాడిన ఇంజనాయిల్‌లో మసి ఉంటుంది, రింగులూ బేరింగులూ అరిగిన లోహపు పొడి ఉంటుంది, నూనెలో ముందే కలిపిన కాల్షియం, జింకు, భాస్వరం మందులు ఉంటాయి. పంచె గుడ్డ ఈగను ఆపుతుంది గాని, రెండు మైక్రాన్ల సందులో దూరే లోహపు నలుసును ఆపలేదు. కాల్షియం, జింకు కాలిపోయి గాలిలో కలిసేవి కావు. బూడిదగా మారి వాల్వుల మీద, పిస్టను తల మీద కూర్చుంటాయి. పైగా వాడిన నూనె 2016 నాటి నియమాల ప్రకారం ప్రమాదకర వ్యర్థం. దానిని అనుమతి పొందిన వారికే అప్పగించాలి. పొలం గట్టున గాని కాలువలో గాని పారబోయకు.

కిరసనాయిలు డీజిల్ కన్నా పలచన, జారుడు తక్కువ. పంపుకు ఎండు మేత వంటిది. కలపడం నేరం కూడా. పెట్రోలు కలిపితే డీజిల్ మండే గుణం పడిపోయి ఇంజను మరింత గట్టిగా కొట్టుకుంటుంది, టాంకు నిప్పుకు దగ్గరవుతుంది. కర్పూరం, కలరా ఉండలు వేస్తే పికప్ వస్తుందనే మాటను విని ఊరుకో.

వంటనూనె సంగతి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే దీనిలో నిజమూ ఉంది, ప్రమాదమూ ఉంది. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజనును వేరుశనగ నూనెతో నడిపి చూపించారు. దానిని పట్టుకొని నేరుగా పామాయిల్ పోసేవారు ఉన్నారు. పచ్చి వంటనూనె చిక్కదనం డీజిల్‌కు సుమారు పది రెట్లు. నాజిల్ దానిని మంచులాగా చిమ్మలేదు, ధారగా పోస్తుంది. సగం కాలిన ధార పిస్టను రింగుల గాడులలో జిగురై, గోడల వెంట చాంబరులోకి దిగి ఇంజనాయిల్‌ను జావలాగా గడ్డకట్టిస్తుంది. అదే నూనెను మిథనాలుతోను, క్షారంతోను చర్య జరిపించి, గ్లిజరిన్‌ను వేరు చేసి, కడిగి ఆరబెడితే బయోడీజిల్ అవుతుంది. టాంకులో పోసే వాటన్నిటిలోను జారుడు నిజంగా పెంచేది ఇదేనని నా నమ్మకం. నూటికి ఒకటి రెండు పాళ్లు చాలు. 2018 నాటి జాతీయ జీవ ఇంధన విధానం 2030 నాటికి డీజిల్‌లో ఐదు శాతం బయోడీజిల్ కలపాలని లక్ష్యం పెట్టుకుంది. అయితే ప్రమాణానికి సరిపోయిన సరుకు దొరికితేనే కొను. ఇంట్లో డ్రమ్ములో కాచిన దానిలో మిగిలిపోయే మిథనాలు, సబ్బు, నీరు పంపును తినేస్తాయి. మంచి బయోడీజిల్ కూడా పాత టాంకులో ఏళ్ల తరబడి పేరుకున్న తుక్కును లేపుతుంది గనుక మొదట్లో ఫిల్టరు త్వరగా మూసుకుపోతుంది. పాత రబ్బరు గొట్టాలు ఉబ్బి మెత్తబడవచ్చు.

పొగను శుద్ధి చేయడానికి కొత్త బండ్లకు వేరే టాంకులో పోసే డెఫ్ ద్రవాన్ని నీ టాంకు దగ్గరికి రానివ్వకు. అది నూటికి ముప్పై రెండున్నర పాళ్ల యూరియా కలిపిన నీరు. పొరపాటున పోస్తే స్టార్టు చేయకుండా టాంకు మొత్తం దించవలసిందే.

నీటి గురించి నువ్వు అడగలేదు గాని నేను చెప్పక తప్పదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు నేను టెక్కలి వైపు ఒక బండితో చిక్కుకున్నాను. కరెంటు లేదు, బంకులు పనిచేయలేదు. తొందరపడి రోడ్డు పక్కన డ్రమ్ములో అమ్ముతున్న డీజిల్ పోయించాను. పది కిలోమీటర్లు పోయేసరికి తెల్లని పొగ, తరువాత ఇంజను ఆగిపోవడం. ఫిల్టరు గిన్నె విప్పితే సగానికి పైగా నీళ్లు. రెండు ఎలిమెంట్లు పట్టేశాయి, ఒక నాజిల్ మొన పగిలింది. ఏ మందూ ఆ నీటిని డీజిల్‌గా మార్చలేదు. కాబట్టి వారానికి ఒకసారి, వానాకాలంలో రెండు రోజులకొకసారి, ఉదయం స్టార్టు చేయక ముందే ఫిల్టరు అడుగు మర వదులు చేసి పట్టిన నీటిని దించు. రాత్రి టాంకు నింపి పెట్టు. ఖాళీ టాంకు గోడలకు చెమ్మ పట్టి నీరవుతుంది. కొత్త బంకులో కొట్టించినప్పుడు సాంద్రత చూపించమని అడుగు. అది వినియోగదారుడి హక్కు. 15 డిగ్రీలకు సరిచేసిన లెక్క వారి చలానులోని అంకెకు ఘనమీటరుకు మూడు కిలోలకు మించి తేడా ఉండకూడదు.

ఇక నీ బండి జబ్బు. ఉదయం మాత్రమే కొట్టుకొని, వేడెక్కాక తగ్గుతున్నదంటే కారుతున్న నాజిల్‌నో, టైమింగునో (డీజిల్ చిమ్మే వేళనో) అనుమానించాలి గాని డీజిల్‌ను కాదు. ఇంజను నడుస్తుండగా ఒక్కొక్క నాజిల్ పైపు నట్టును గుడ్డ చుట్టి వదులు చెయ్యి; ఏ సిలిండరు దగ్గర చప్పుడు తగ్గుతుందో దోషం అక్కడుంది. చిమ్మే డీజిల్‌కు చెయ్యి అడ్డం పెట్టకు, అది చర్మంలోకి దూరుతుంది. నల్ల పొగ అయితే ముందు గాలి ఫిల్టరు చూడు. నీలం పొగ అయితే పిస్టను రింగులు చూడు. డిప్‌స్టిక్ మీద నూనె మట్టం తగ్గకుండా పెరుగుతున్నట్టయితే డీజిల్ చాంబరులోకి దిగుతున్నట్టే. ఆ రోజు బండి తీయకు.

వచ్చే ఆదివారం లోడు లేకపోతే ఆరు నాజిళ్లను ఏ సిలిండరుదో గుర్తు పెట్టి విప్పి తీసుకురా. నా దగ్గర నాజిళ్ల టెస్టరు ఇంకా పనిచేస్తున్నది. వచ్చేటప్పుడు టాంకు అడుగు నుంచి తీసిన డీజిల్‌ను గాజు సీసాలో పోసి, రాత్రంతా కదపకుండా ఉంచి, అలాగే జాగ్రత్తగా తీసుకురా. అంతవరకు టాంకులో ఏమీ కలపవద్దు.

నీ మావయ్య