230 గిగాహెర్ట్జ్ దగ్గర గ్రాఫ్ పైకి లేస్తే కొలత తప్పినట్టేనా?

తమ్మీ, టెన్షన్ పడకు. నక్షత్రాలు పుట్టే మేఘం 5 గిగాహెర్ట్జ్ దగ్గర 1 జాన్స్కీ (రేడియో వెలుగు ఎంతుందో కొలిచే ప్రమాణం) ఉండి, 230 దగ్గర 3 ఎట్లా అయిందనే కదా నీ అనుమానం? ఆ మేఘంలోని అయనీకరించిన (ఎలక్ట్రాన్లు విడిపోయిన) వాయువు పలచగా ఉంటే దాని రేడియో ప్రసారం పౌనఃపున్యానికి మైనస్ 0.1 ఘాతంలో మెల్లగా తగ్గుతుంది. లెక్క వేస్తే 230 దగ్గర దాని వాటా 0.68 మాత్రమే. మిగతా 2.32 ధూళిది. ఎండాకాలం పొద్దుగూకినా మన లతీఫ్ సాబ్ గుట్ట రాళ్లు సెగ కక్కుతాయి చూడు, ధూళి కూడా అట్లనే నక్షత్రాల వెలుగు మింగి వేడిగా వదులుతుంది. అది ఈ పౌనఃపున్యాల్లో దాదాపు 3.5 నుంచి 4 ఘాతంలో ఎగబాకుతుంది. ఒకే సరళరేఖ గీస్తే కుదరదు, రెండూ కలిపి ఫిట్ చెయ్యి.

ముందు రెండు మ్యాపులూ ఒకే బీమ్‌కు (టెలిస్కోప్ ఎంత సన్నగా చూడగలదో ఆ వెడల్పుకు) స్మూత్ చేశావా? అది మరిచి నేను వారం పోగొట్టుకున్నా. ఇంకోటి, 5 దగ్గర వాయువు దట్టంగా ఉండి తన ప్రసారాన్ని తానే మింగేస్తుంటే పై లెక్క చెల్లదు. అది తేలాలంటే 15 దగ్గర కూడా కొలిచి చూడు.