120 వోల్టుల 5 వాట్ల ట్యూబ్ యాంప్ హైదరాబాద్‌లో గుయ్యిమంటోంది, టోన్ తొందరగా పగిలిపోతోంది: ఏ ట్యూబ్ మార్చాలి?

మీరు రాసింది ఇదీ: అమెరికా నుంచి మీ బావగారు ఫెండర్ ఛాంప్ అనే చిన్న గిటార్ యాంప్ తరహాలో, విడి భాగాలతో బిగించే 5 వాట్ల కిట్ యాంప్ తెచ్చారు. 120 వోల్టులది కాబట్టి స్టెప్‌డౌన్ కన్వర్టర్ పెట్టి కూకట్‌పల్లి ఫ్లాట్‌లో వాడుతున్నారు. గిటార్ తగిలించకపోయినా హమ్ (గుయ్యిమనే మోత) వస్తోంది. వాల్యూమ్ నాలుగు దాటితే టోన్ పగిలిపోతోంది. ఏ ట్యూబ్ కొంటే బాగుపడుతుందని అడిగారు.

ఇప్పుడే ఏదీ కొనకండి. నా దగ్గరా సరిగ్గా ఇలాంటి యాంపే ఉంది, గిటార్ సిగ్నల్‌ను మొదట పెంచే ట్యూబ్ ఒక 12ఏఎక్స్7, స్పీకరును నడిపే ట్యూబ్ ఒక 6వీ6, ఏసీని డీసీ చేసే ఒక 5వై3 రెక్టిఫయర్, ఎనిమిది అంగుళాల స్పీకరు. అదీ ఇలాగే చుట్టాల సూట్‌కేసులో వచ్చింది. మూడు రకాల ట్యూబులు తెప్పించి మార్చి చూశాను, హమ్ కొంచెం కూడా తగ్గలేదు. చివరికి కోఠిలో ఒకప్పుడు వాల్వు (ట్యూబు) రేడియోలు బాగుచేసిన ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్తే, ఆయన యాంప్ వైపు చూడకుండా కన్వర్టర్ చేతిలోకి తీసుకుని, ‘ముందు ఎర్తింగ్ చూడు బేటా’ అన్నారు.

ఆ కన్వర్టర్‌లో ఎర్త్ లేదు. యాంప్ ప్లగ్గుకు మూడో పిన్ ఉంది, కన్వర్టర్ సాకెట్‌లో దానికి రంధ్రమూ ఉంది, కానీ లోపల వైరే లేదు. అంటే యాంప్ ఛాసిస్ (లోపలి లోహపు పెట్టె) ఎర్త్‌కు కలవకుండా గాల్లో ఉన్నట్టు. గిటార్ తీగలు కేబుల్ ద్వారా ఆ ఛాసిస్‌కే కలుస్తాయి. ఒకసారి పాడుతూ వాయిస్తుంటే మైకు పెదవికి తగిలి షాక్ కొట్టింది. స్టాటిక్ అనుకుని వదిలేశాను, వదిలేయాల్సిన విషయం కాదది. మల్టీమీటర్ ఉంటే అన్నీ గోడ నుంచి తీసేసి, యాంప్‌ను కన్వర్టర్‌కు తగిలించే ఉంచి, యాంప్ ఛాసిస్‌కీ గోడకు పెట్టే కన్వర్టర్ ప్లగ్గులోని లావు పిన్నుకీ (ఎర్త్ పిన్ను) మధ్య రెసిస్టెన్స్ చూడండి. సున్నాకు దగ్గరగా, ఒక ఓము లోపు రావాలి. తర్వాత గోడ సాకెట్‌లో ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య ఎంత ఉందో, ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య కూడా దాదాపు అంతే ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. ఇది తేలేదాకా యాంప్ వాడొద్దు.

రెండోది వోల్టేజీ. మా ఇంట్లో సాయంత్రం 230 ఉండే కరెంటు రాత్రి పదకొండు దాటాక 244 దాకా పోతుంది. నా పాత కన్వర్టర్ 230 ఇస్తే 120 ఇచ్చే రకం, అంటే రాత్రి యాంప్‌కు 127 వోల్టులు వెళ్తున్నాయి. హీటర్ (ట్యూబులో ఎర్రగా వెలిగే తీగ) దగ్గర 6.3 వోల్టులు ఉండాల్సింది 6.9 వచ్చింది. పైగా కన్వర్టర్ వోల్టేజీని తగ్గిస్తుంది కానీ ఫ్రీక్వెన్సీని మార్చదు. 60 హెర్ట్జ్‌కే లెక్కగట్టి చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ మన 50 హెర్ట్జ్ మీద ఎక్కువ వేడెక్కుతుంది, వోల్టేజీ కూడా ఎక్కువైతే ఇంకా వేడెక్కుతుంది. నేను ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టే షాపులో 230 నుంచి 110కి, 150 వీఏ (వోల్ట్ యాంపియర్ల) సామర్థ్యంది, ప్రైమరీ (కరెంటు లోపలికి వెళ్లే చుట్ట), సెకండరీ (బయటికి ఇచ్చే చుట్ట) వేర్వేరుగా, ఎర్త్ వైరు నేరుగా వెళ్లేలా ఒకటి చేయించుకున్నాను. ఇప్పుడు రాత్రిపూట కూడా యాంప్‌కు 117 దాటదు, హీటర్ 6.35 దగ్గర ఉంటుంది. మీ కిట్ పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌కు రెండు 120 వోల్టుల ప్రైమరీలు ఉన్నాయేమో దాని డయాగ్రమ్‌లో చూడండి. ఉంటే వాటిని డయాగ్రమ్ చెప్పినట్టే సిరీస్‌లో కలిపి నేరుగా మన కరెంటుకు పెట్టొచ్చు, కన్వర్టర్ అవసరమే ఉండదు. అప్పుడు ఫ్యూజు విలువ సగం చేయాలి, 1 యాంపు ఉంటే అర యాంపు స్లో బ్లో (కాస్త ఆలస్యంగా తెగే రకం).

ఇక లోపల చేయి పెట్టే ముందు ఒక మాట. ప్లగ్గు తీసినా ఫిల్టర్ కెపాసిటర్లలో (డీసీని నునుపు చేసేవి) 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు. 10 కిలో ఓముల 5 వాట్ల రెసిస్టర్‌ను ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో ఛాసిస్‌కీ కెపాసిటర్ ప్లస్‌కీ పెట్టి ఖాళీ చేసి, మీటర్‌తో సున్నా చూశాకే ముట్టుకోండి. కరెంటు ఉండగా కొలిచేటప్పుడు నల్ల ప్రోబ్ క్లిప్పుతో ఛాసిస్‌కు తగిలించి, ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని, ఎర్ర ప్రోబ్ ఒక్కటే వాడండి. స్పీకర్ వైరు తీసి యాంప్ ఆన్ చేయొద్దు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. ఇవన్నీ కొత్తయితే వాల్వు పని తెలిసిన మనిషిని పక్కన పెట్టుకుని చేయండి.

మూడోది, 6వీ6 మీద ఎంత భారం పడుతోందో కొలవడం. దాని సాకెట్‌లో మూడో పిన్ ప్లేటు (ఎలక్ట్రాన్లను అందుకునేది), ఎనిమిదోది కాథోడ్ (వాటిని వదిలేది). నాకు పాత కన్వర్టర్ మీద ప్లేటు 368, కాథోడ్ 22.5 వచ్చాయి. కాథోడ్ రెసిస్టర్ 470 ఓములు, కాబట్టి కరెంటు 48 మిల్లీయాంపులు. అందులో స్క్రీన్ (ట్యూబులో ప్లేటుకు ముందుండే గ్రిడ్) వాటా ఓ 5 తీసేస్తే 43. ప్లేటుకీ కాథోడ్‌కీ తేడా 345 వోల్టులతో గుణిస్తే 15 వాట్లకు కాస్త తక్కువ. 6వీ6జీటీకి పాత డేటాషీట్ల పరిమితి 12 వాట్లు, తర్వాతి 6వీ6జీటీఏకి 14. ట్యూబ్ రోజూ కాలిపోతూ పనిచేస్తోందన్నమాట. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాక 12.6కి దిగింది. కాథోడ్ రెసిస్టర్‌ను 560 ఓములు, 5 వాట్లది చేస్తే 11.4. కాథోడ్ మీద 22 వోల్టులు నిలుస్తాయి కాబట్టి దానికి సమాంతరంగా ఉన్న 25 వోల్టుల కెపాసిటర్‌ను 50 వోల్టులదిగా మార్చాను. టోన్ పెద్దగా మారలేదు, కానీ ట్యూబ్ ఇప్పుడు హాయిగా ఉంది.

ఎర్త్ సరిచేశాక కూడా నాకు కొంచెం హమ్ మిగిలింది. ఇక్కడ మీ గిటారే మీటర్. మన కరెంటు 50 హెర్ట్జ్, రెక్టిఫై అయ్యాక అది 100 అవుతుంది. ఆరో తీగ మీద మూడో ఫ్రెట్ నొక్కితే వచ్చే జీ స్వరం 98 హెర్ట్జ్. హమ్ ఆ స్వరంలోనే ఉంటే ఫిల్టర్ కెపాసిటర్ల వైపు చూడాలి. దానికి ఒక ఆక్టేవ్ కింద ఉంటే హీటర్ వైర్లు, గ్రౌండు, లేదా ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరితనం. అమెరికా వీడియోల్లో బీ స్వరంతో పోల్చి చెబితే కంగారు పడకండి, వాళ్లది 60, 120 హెర్ట్జ్. యాంప్ ఆపి 12ఏఎక్స్7 తీసేసి మళ్లీ ఆన్ చేసినా హమ్ అలాగే ఉంటే అది పవర్ సప్లై వైపుదే.

నాది జీ స్వరమే. ఒకే అవుట్‌పుట్ ట్యూబ్ ఉన్న యాంపుల్లో, రెండు ట్యూబుల పుష్‌పుల్‌లోలాగా ఆ హమ్ తనంతట తాను రద్దు కాదు. అందుకని స్క్రీన్‌కు వెళ్లే రెండో కెపాసిటర్‌ను 8 నుంచి 22 మైక్రోఫారడ్‌కు, 500 వోల్టులదానికి పెంచాను. మొదటిదాన్ని మాత్రం ముట్టుకోలేదు, అది పెద్దదైతే 5వై3 మీద భారం పడుతుంది. హీటర్ వైర్లు రెండూ గట్టిగా మెలితిప్పి ఛాసిస్ మూల వెంబడి పంపాను. ఇప్పుడు హమ్ ఫ్యాన్ చప్పుడులో కలిసిపోతుంది. ఇన్వర్టర్ మీద మాత్రం వాయించకండి, స్క్వేర్ వేవ్ రకమైతే జుర్రుమని వేరే రొద మొదలవుతుంది.

ఇక మీ అసలు ప్రశ్న. వాల్యూమ్ పెంచినా టోన్ పగలకుండా క్లీన్‌గా ఉండాలంటే 12ఏఎక్స్7 స్థానంలో 12ఏవై7 పెట్టండి. పిన్నులు అవే, ఏమీ మార్చక్కర్లేదు. మొదటిదాని యాంప్లిఫికేషన్ ఫ్యాక్టర్ (సిగ్నల్‌ను ఎంత పెంచగలదో చెప్పే అంకె) 100, దీనిది 45 దగ్గర. మరీ తగ్గిందనిపిస్తే 5751, దానిది 70. నాకు 12ఏవై7 నచ్చింది, వాల్యూమ్ ఆరు దాకా స్వరం విడివిడిగా వినిపిస్తుంది. ట్యూబు కొనకుండానే ఇంకో పని చేయొచ్చు. మొదటి స్టేజీ (12ఏఎక్స్7లో మొదటి సగం) కాథోడ్ రెసిస్టర్ పక్కన 25 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉంటే ఒక కాలు విప్పి వినండి, గెయిన్ (సిగ్నల్‌ను పెంచే మోతాదు) బాగా తగ్గుతుంది.

యాంప్‌ను నేల మీద గోడ మూలకు ఆనించకుండా స్టూలు మీద పెట్టండి. కింది ఫ్లాట్‌కు బేస్ దిగడం తగ్గుతుంది, మీకు తక్కువ వాల్యూమ్‌లోనే స్పష్టంగా వినిపిస్తుంది. సికింద్రాబాద్‌లో ఉండే మా అపార్ట్‌మెంట్‌లో రాత్రి ఎనిమిదిన్నర దాకా నేను ఇలాగే వాయిస్తున్నాను, ఎవరికీ ఇబ్బంది కాలేదు.

ముందు ఎర్త్ చూసుకుని, గోడ దగ్గరి వోల్టేజీ, హీటర్, 6వీ6 ప్లేటు, కాథోడ్ వోల్టేజీలు, కాథోడ్ రెసిస్టర్ విలువ కింద రాయండి. మీ యాంప్‌కు ఏ రెసిస్టర్ సరిపోతుందో లెక్కగట్టి చెబుతాను.