అణువు పాఠం చెప్పబోయే ముందు

అమ్మలూ,

నీకు లంక ఊళ్ళో హైస్కూల్లో సైన్స్ టీచర్‌గా పోస్టింగ్ వచ్చిందని మీ నాన్న ఫోన్ చేసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సంతోషం సగం, రోజూ గోదారి దాటాలన్న టెన్షన్ సగం. వరద ఎర్రనీరు వస్తే మాత్రం పంటు పడవ ఎక్కకు. సెలవు పెట్టెయ్.

మొదటి పాఠం పరమాణువులు, అణువులు అట కదా. నిర్వచనాలు నేను చెప్పక్కర్లేదు. ఒక్కటి ముందే తేల్చెయ్. పిల్లలు అణుబాంబు, అణువిద్యుత్తు అని వింటూ పెరిగుంటారు. అక్కడ అణువంటే నిజానికి పరమాణువే. మన పుస్తకంలో అణువంటే పరమాణువులు కలిసి కట్టిన జట్టు. హీలియం నింపిన బుడగలో ఆ పరమాణువులు ఒంటరిగానే తిరుగుతాయి. మనం పీల్చే ఆక్సిజన్ జంట. ఓజోన్‌లో మూడు.

ఇక నేను చేసిన తప్పు చెబుతా విను. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు "నీళ్ళు మరిగితే అణువులు విడిపోతాయి" అన్నాను. ఒకదాన్నొకటి వదిలి ఎగిరిపోతాయని నా ఉద్దేశం. బోర్డు మీద బొమ్మ మాత్రం హైడ్రోజన్ ఒకవైపు, ఆక్సిజన్ ఒకవైపు వేసేశాను. మూడో బెంచీలో ఒక పిల్ల లేచింది. వాళ్ళమ్మ పొట్టిక్కలు అమ్మేది. తెల్లారకముందే పనసాకు బుట్టల్లో పిండి పోసి ఆవిరికి పెట్టడం ఈ పిల్ల పని. మణికట్టు మీద కాలిన మచ్చ ఉండేది.

"మాస్టారూ, హైడ్రోజన్ మండుతుందని మొన్న చెప్పారు కదండీ. మరి మా పొయ్యి మీద ఆవిరి అంటుకోదేమండీ?"

నాకు నోట మాట రాలేదు. "అధికప్రసంగం చెయ్యకు, కూర్చో" అన్నాను. ఆవిరైనా మంచుగడ్డైనా నీటి అణువు నీటి అణువే. రెండు హైడ్రోజన్లూ, ఒక ఆక్సిజనూ మరిగినంత మాత్రాన ఆ కట్టు వదలవు. మర్నాడు బొమ్మ దిద్దాను గానీ, తప్పు నాదని ఒప్పుకోలేదు. పదో తరగతి అయ్యేదాకా ఆ పిల్ల మళ్ళీ చెయ్యెత్తలేదు. ఇప్పటికీ ఇడ్లీ కుండ మూత తీస్తే ఆ మణికట్టే కనిపిస్తుంది.

పరమాణు సిద్ధాంతం చెప్పిన డాల్టన్ అంతటివాడే నీటి అణువులో ఒక్క హైడ్రోజనే ఉందనుకున్నాడు. 1811లో ఇటలీ శాస్త్రవేత్త అవొగాడ్రో సరైన దారి చూపిస్తే, దాదాపు 50 ఏళ్ళు ఎక్కువమంది చెవిన పెట్టలేదు. నువ్వు తప్పు చెప్పినా ఏం కాదే. పిల్లల నోరు మాత్రం మూయించకు.

నీటి అణువును విడగొట్టి చూపించాలంటే 9 వోల్టుల బ్యాటరీ, రెండు వైపులా చెక్కిన పెన్సిళ్ళు రెండు, చిటికెడు వంటసోడా చాలు. ఒక ములుకు దగ్గర బుడగలు రెండోదానికి దాదాపు రెట్టింపు లేస్తాయి. అదే హైడ్రోజన్. సోడాకి బదులు ఉప్పు వెయ్యకు, క్లోరిన్ వస్తుంది. కిటికీలు తెరిచి పెట్టు.

నా టెస్ట్ ట్యూబులు పాత పంచెలో చుట్టి పంపిస్తున్నాను. పాఠం అయ్యాక ఏ పిల్ల ఏమడిగిందో రాయి.

మీ పెద్దనాన్న