టీ-34 మోడల్‌పై తుప్పు చారలు నిలవకపోతే

మీ 1/35 (అసలులో 35వ వంతు) టీ-34 సోవియట్ ట్యాంకు మోడల్‌పై తుప్పు చారల కోసం గీసే వాటర్‌కలర్ పెన్సిల్ (నీటిలో కరిగే రంగు పెన్సిల్) గీత పట్టకపోవడానికి, తడి తగలగానే రంగు చుక్కలుగా విడిపోవడానికి కారణం పెన్సిల్ కాకపోవచ్చు. డెకాల్స్ (నీటితో అతికించే గుర్తుల స్టిక్కర్లు) కోసం వేసిన గ్లాసీ (మెరిసే) వార్నిష్ మీదే గీస్తున్నట్టున్నారు. అంత నునుపు మీద మొనకు పట్టు దొరకదు.

1. ముందు మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ పలుచగా స్ప్రే చేసి పూర్తిగా ఆరనివ్వండి. చాలామంది వదిలేసేది ఈ పనే. ఆ సన్నని గరుకుదనమే రంగును పట్టి ఉంచుతుంది. ఆరాక ఒట్టి వేళ్లతో తాకకండి, జిడ్డు అంటిన చోట మళ్లీ ఇదే సమస్య.

2. మొనను నీటిలో ముంచి, బోల్టులు, అతుకుల కింద చిన్న గీతలు గీయండి.

3. కుంచెను తడిపి, టిష్యూపై దాదాపు ఆరేదాకా అద్ది, పైనుంచి కిందికి ఒక్కసారి లాగండి. రుద్దితే చార మరకవుతుంది. నచ్చకపోతే తడి దూదిపుల్లతో తుడిచేయవచ్చు.

4. చివరి మ్యాట్ పూత కూడా స్ప్రేతోనే, పలుచని పొరలుగా. నీటి ఆధారిత వార్నిష్‌ను కుంచెతో రాస్తే చారలన్నీ కరిగిపోతాయి. పూత పడ్డాక రంగు వెలిసినట్టు కనిపిస్తుంది కాబట్టి ముందే కాస్త గాఢంగా గీయండి.

యుద్ధకాలపు ట్యాంకు అయితే కవచంపై తుప్పు తగ్గించి, ఎగ్జాస్ట్ గొట్టాల దగ్గర పెంచండి. యుద్ధరంగంలో చాలా ట్యాంకులు అంతగా తుప్పు పట్టేదాకా మిగల్లేదు.