నాన్న లైసెన్స్ తుపాకీ పట్టుకుని బీట్‌కి వెళ్ళొచ్చా?

ప్రశ్న: ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో ఒక అభయారణ్యం లోపల ఫారెస్ట్ బీట్ ఆఫీసర్‌గా చేస్తున్నాను. పది నెలల క్రితం రాత్రి రెండు గంటలప్పుడు టేకు దుంగల ట్రాక్టర్‌ని ఆపితే ఐదారుగురు దిగి గొడ్డలి కామతో కొట్టారు. ఎడమ మణికట్టు విరిగింది. నాతో ఉన్నది ఒక్క వాచర్. చేతిలో లాఠీ తప్ప ఏమీ లేదు. పై అధికారులు 'ఊరితో గొడవెందుకు, సర్దుకుపో' అన్నారు. కేసు కాలేదు. వాళ్ళే ఇప్పుడు ఊళ్ళో ఎదురుపడి నవ్వుతున్నారు. ఇంట్లో అందరికీ టెన్షన్. మా నాన్న పేరు మీద పంట రక్షణ కోసం తీసుకున్న లైసెన్స్ తుపాకీ ఉంది. ఆయన ఒక లెటర్ రాసిస్తే నేను పట్టుకెళ్ళవచ్చనీ, పైగా ప్రభుత్వ ఉద్యోగికి ఆయుధాల చట్టం వర్తించదనీ ఒక స్నేహితుడు అంటున్నాడు. అదీ కాకపోతే వేటగాళ్ళ దగ్గర పట్టుకున్న నాటు తుపాకీ ఒకటి సెక్షన్ ఆఫీసులో పడి ఉంది. ప్రాణం మీదకి వస్తే కాల్చే హక్కు నాకు లేదా? అసలు అడవి కాపలా వాళ్ళకి తుపాకులు ఇవ్వాలా వద్దా, మీరే చెప్పండి.

జవాబు: మీరు నాలుగు పేజీలు రాశారు. అందులో మూడున్నర పేజీలు మీకు జరిగిన అన్యాయం గురించే. అది నిజమే అయి ఉంటుంది, కానీ కోర్టులో దానితో పని లేదు. మీ ప్రశ్న మొత్తం ఒక్క చోట తేలిపోతుంది: ఆ తుపాకీ మీ చేతికి ఎవరు ఇచ్చారు, ఏ ఆర్డర్ మీద ఇచ్చారు? దానికి కాగితం ఉంటే మీరు ఆయుధం ధరించిన ఉద్యోగి. లేకపోతే లైసెన్స్ లేని తుపాకీతో అర్ధరాత్రి అభయారణ్యంలో తిరుగుతున్న మనిషి. యూనిఫాం వేసుకున్నంత మాత్రాన ఈ రెండో మాట మారదు.

మీ స్నేహితుడు చెప్పినవి రెండూ చట్టంలో ఉన్నవే, అందుకే అవి ప్రమాదం. సగం చదివి చెప్పాడు. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 3లో, లైసెన్స్‌దారు రాతపూర్వక అనుమతితో వేరే మనిషి తుపాకీ మోసుకెళ్ళవచ్చని ఉంది. ఎందుకోసం? రిపేరుకి, లైసెన్స్ రెన్యువల్‌కి, లేదా ఆ లైసెన్స్‌దారు వాడుకోవడానికి. అంటే మీ నాన్నగారు వాడుకోవడానికి మీరు మోయవచ్చు, మీరు వాడుకోవడానికి కాదు. ఆయన వంద రూపాయల స్టాంపు పేపర్ మీద రాసి నోటరీ చేయించినా అంతే. ఇక సెక్షన్ 45. ప్రభుత్వ ఉద్యోగి తన విధి నిర్వహణలో భాగంగా ఆయుధం కలిగి ఉంటే ఈ చట్టం వర్తించదన్న మాట నిజం. కానీ ఆయుధం మోయడం ఆ విధిలో భాగం అయి ఉండాలి. రెవెన్యూ ఇన్‌స్పెక్టరూ ప్రభుత్వ ఉద్యోగే, ఇసుక లారీలు ఆపడానికి వెళ్ళేటప్పుడు ఇంట్లో తుపాకీ తీసుకుని వెళ్తాడా? డిపార్ట్‌మెంట్ మీకు ఆయుధం ఇష్యూ చేసిన ఆర్డర్, రిజిస్టర్‌లో దాని నంబరు, తూటాల లెక్క, మీ సంతకం... ఇవి చూపించలేకపోతే సెక్షన్ 45 మీ దగ్గరకి కూడా రాదు.

అప్పుడు మిగిలేది సెక్షన్ 25(1బి). 2019 సవరణ తర్వాత లైసెన్స్ లేని తుపాకీకి రెండేళ్ళకు తగ్గకుండా ఐదేళ్ళ వరకు శిక్ష. మీ నాన్నగారి మీద వేరే కేసు, ఆయన లైసెన్స్ రద్దు. మీరు నలభై ఎనిమిది గంటలు దాటి కస్టడీలో ఉంటే సస్పెన్షన్ దానంతట అదే పడుతుంది. ఇంకో విషయం మీరు మర్చిపోయారు, మీరు మర్చిపోకూడని విషయం: వన్యప్రాణి సంరక్షణ చట్టం సెక్షన్ 31. చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ ఆయన అధికారం ఇచ్చిన అధికారి గానీ ముందుగా రాసిచ్చిన అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఆయుధంతో ఎవరూ అడుగు పెట్టకూడదు. ఈ సెక్షన్ కింద మీరే ఎంతమంది మీద కేసులు రాసి ఉంటారో గుర్తు చేసుకోండి. రేపు మీ రేంజ్ ఆఫీసర్ అదే ఫారం మీద మీ పేరు రాయాల్సి వస్తుంది, రాయకపోతే ఆయన ఇరుక్కుంటాడు.

నాటు తుపాకీ సంగతి వింటే నాకు మీ మీద జాలి కాదు, కోపం వచ్చింది. పట్టుకున్న ఆయుధం సెక్షన్ ఆఫీసులో 'పడి ఉండటం' ఏమిటి? సీజ్ చేసిన వస్తువుని వెంటనే మేజిస్ట్రేట్ ముందు పెట్టాలని వన్యప్రాణి చట్టం సెక్షన్ 50(4) చెబుతోంది. అది కేసు ప్రాపర్టీ. దానితో ఒక్కసారి పేల్చారా, ఆ వేటగాళ్ళ మీద కేసు అక్కడితో సరి, వాళ్ళ వకీలు 'ఈ తుపాకీ వాడింది ఫారెస్ట్ వాళ్ళే' అని లేచి నిలబడతాడు, ఫోరెన్సిక్ రిపోర్టు కూడా ఆయనకే సాయం చేస్తుంది. మీరు కొరివితో తల గోక్కోవడమే కాకుండా సాటి ఉద్యోగుల తలలూ గోకుతున్నారు. ఆ తుపాకీని పంచనామాతో సహా కోర్టులో డిపాజిట్ చేయమని రేంజ్ ఆఫీసర్‌కి ఈ వారమే రాతపూర్వకంగా ఇవ్వండి, రసీదు తీసుకోండి.

ప్రాణం మీదకి వస్తే కాల్చే హక్కు లేదా అన్నారు. ఆత్మరక్షణ హక్కు అందరికీ ఉంది. భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) సెక్షన్ 38 ప్రకారం చావుకి గానీ తీవ్ర గాయానికి గానీ న్యాయమైన భయం ఉన్నప్పుడు ఎదుటివాడి ప్రాణం పోయినా అది నేరం కాదు. తుపాకీకి లైసెన్స్ లేదన్న ఒక్క కారణంతో ఆ హక్కు పోదు, ఆయుధాల చట్టం కేసు మాత్రం విడిగా నిలబడుతుంది. కానీ ఆ భయం ఉన్నంతసేపే హక్కు. దుంగలు పడేసి పారిపోతున్నవాడి వీపు మీద కాలిస్తే అది ఆత్మరక్షణ కాదు. వెళ్ళిపోతున్న ట్రాక్టర్ టైరుకి గురిపెడితే, తూటా డ్రైవర్‌కి తగిలితే, అదీ కాదు. టేకు దొంగతనాన్ని ఆపడానికి మనిషిని చంపే హక్కు ఏ చట్టమూ ఇవ్వలేదు. రాత్రి రెండు గంటలకు, చీకట్లో, ఇద్దరే ఉన్నచోట, ఏ క్షణం వరకు భయం ఉందో నిరూపించే భారం మీదే.

ఉద్యోగికి రక్షణ ఉంటుంది కదా అనుకోకండి. వన్యప్రాణి చట్టం సెక్షన్ 60 సదుద్దేశంతో చేసిన పనికి రక్షణ ఇస్తుంది, నిజమే. దొంగచాటు తుపాకీతో వెళ్ళి సదుద్దేశం అంటే వినే జడ్జి నాకు తెలియదు. ప్రాసిక్యూషన్‌కి ముందు ప్రభుత్వ అనుమతి కావాలనే నిబంధన, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) 197, దాని స్థానంలో వచ్చిన ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్ 218, ప్రభుత్వం మాత్రమే తొలగించగల ఉద్యోగులకు వర్తిస్తుంది. బీట్ ఆఫీసర్‌ని తొలగించే అధికారం డిపార్ట్‌మెంట్‌లో కింది స్థాయిలోనే ఉంటుంది. కాబట్టి ఆ గొడుగు కింద మీకు చోటు లేదు. అస్సాం ప్రభుత్వం 2010లో ఆ సెక్షన్ కిందే నోటిఫికేషన్ ఇచ్చి అటవీ సిబ్బంది కాల్పులకు ప్రత్యేక రక్షణ కల్పించింది, అక్కడి కజిరంగా నేషనల్ పార్కు గార్డుల కాల్పుల గురించి మీరు విన్నదంతా దాని మీద నడుస్తోంది. అలాంటిది మీకు వర్తిస్తుందని మీరు పంపిన కాగితాల్లో ఎక్కడా లేదు. ప్రభుత్వం ఇచ్చిన తుపాకీ అయినా కష్టమే. 2022 ఆగస్టులో మధ్యప్రదేశ్ విదిశ జిల్లా లటేరీ దగ్గర కలప దొంగలనుకుని అటవీ సిబ్బంది కాల్చితే ఒక గిరిజనుడు చనిపోయాడు. సిబ్బంది మీద హత్య కేసు పెట్టారు. దాంతో ఆ రాష్ట్రంలో చాలాచోట్ల అటవీ ఉద్యోగులు మాకు ఈ తుపాకులే వద్దని తిరిగి అప్పగించేశారు.

ఇవ్వాలా వద్దా అని నన్ను అడిగారు కాబట్టి నా అభిప్రాయం చెబుతాను. ఇవ్వాలి, కానీ మీలా ఒంటరిగా తిరిగే మనిషికి కాదు. 2022 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చండ్రుగొండ మండలంలో రేంజ్ ఆఫీసర్ చలమల శ్రీనివాసరావు గారిని నరికి చంపినప్పటి నుంచి సిబ్బంది ఆయుధాలు అడుగుతున్నారు. 2013 డిసెంబరులో శేషాచలంలో ఇద్దరు అధికారులు ఎర్రచందనం కూలీల చేతిలో చనిపోయినప్పుడూ అదే మాట. 2021 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అటవీ అధికారులకు ఆయుధాలు, బుల్లెట్ ప్రూఫ్ జాకెట్లు ఉండాలి కదా అంది. మరో వైపు 2015 ఏప్రిల్‌లో అదే శేషాచలంలో టాస్క్‌ఫోర్స్ కాల్పుల్లో తమిళనాడు కూలీలు ఇరవై మంది చనిపోయారు, ఆ కేసులు ఏళ్ళ తరబడి నడిచాయి. 2019లో కాగజ్‌నగర్ దగ్గర సార్సాలలో మహిళా రేంజ్ ఆఫీసర్ మీద కర్రలతో దాడి జరిగినప్పుడు పోలీసులు పక్కనే ఉన్నా దాడి ఆగలేదు. శిక్షణ, ఎప్పుడు కాల్చాలో రాసి ఉన్న ఆదేశాలు, కనీసం నలుగురి టీం, కాల్పుల తర్వాత మేజిస్ట్రేట్ విచారణ... ఇవి లేకుండా ఒంటరి బీట్ ఆఫీసర్ భుజాన తుపాకీ వేస్తే, దొంగలు కలపతో పాటు తుపాకీ కూడా ఎత్తుకెళ్తారు. ఇది నా అభిప్రాయం మాత్రమే, మీ కేసుకి దీనితో సంబంధం లేదు.

ఇప్పుడు మీ అసలు కేసు. మీరు దాని గురించి అడగనే లేదు, అదే నాకు వింతగా ఉంది. మీరు జత చేసిన ఓపీ చీటీ చూశాను. గాయం ఎలా అయిందన్న చోట 'బైక్ మీద నుంచి పడి' అని రాసి ఉంది. పోలీసు కేసు అవుతుందని డాక్టర్ విసుక్కుంటే మీరే అలా చెప్పించానని ఒక మూల ఒక్క ముక్కలో రాశారు. చదువుకున్న మనిషి, కేసులు రాసే ఉద్యోగి, చేసే పనేనా ఇది? ఎముక విరిగితే అది తీవ్ర గాయం. విధి నిర్వహణలో ఉన్న ఉద్యోగికి తీవ్ర గాయం చేస్తే బీఎన్‌ఎస్ 121(2), పదేళ్ళ వరకు శిక్ష, దానికి కాలపరిమితి లేదు. ఆ ఒక్క చీటీతో మీ కేసుకి గండి కొట్టింది మీరే. వాళ్ళ వకీలు వేరే ప్రశ్న వేయక్కర్లేదు, ఆ చీటీ మీ చేతికిచ్చి 'ఇది మీదేనా' అంటాడు.

అయినా అంతా పోలేదు. మర్నాడే రేంజ్ ఆఫీసుకి లెటర్ ఇచ్చానన్నారు, దాని ఇన్‌వార్డ్ నంబరు కావాలి. ఆ రాత్రి పెట్రోలింగ్‌లో ఫోన్‌లోని ఎం-స్ట్రైప్స్ (గస్తీ దారిని నమోదు చేసే) యాప్ ఆన్‌లో ఉంటే మీరు ఏ చోట, ఏ సమయంలో ఆగారో అందులో ఉంటుంది, ఆ ట్రాక్ ప్రింట్ తీయించి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 సర్టిఫికెట్‌తో సహా తీసుకోండి. వాచర్‌కి మీరు ఫోన్ చేశారా, ఆఫీసర్‌కి చేశారా, ఆ కాల్ రికార్డులు కంపెనీలు శాశ్వతంగా ఉంచవు. వాచర్ ఇప్పుడే చెప్పాలి, ఏడాది తర్వాత అతనిది వేరే మాట అవుతుంది. ఎక్స్-రే ఫిల్ముతో ప్రభుత్వ ఆస్పత్రిలో ఎముకల డాక్టర్‌ని కలిసి అభిప్రాయం రాయించండి. బైక్ మాట ఎందుకు చెప్పారో ఫిర్యాదులో మీరే ముందుగా ఒప్పుకోండి, దాచితే క్రాస్ ఎగ్జామినేషన్‌లో బయటపడుతుంది. రేంజ్‌లో ఆ రాత్రికి పీఓఆర్ (అటవీ నేరం మీద రాసే ప్రాథమిక రిపోర్టు) రాశారా, దుంగలు ఏమైనా దొరికాయా, అదీ చూడండి.

గడువు లెక్క ఇది. బీఎన్‌ఎస్ 132, అంటే ఉద్యోగి మీద దౌర్జన్యం, శిక్ష రెండేళ్ళు, మూడేళ్ళలోపు కేసు పెట్టవచ్చు. కానీ మామూలు గాయం 115(2)కీ, విధికి అడ్డు తగలడం 221కీ గడువు ఏడాదే. 121 నిలబడకపోతే మీకు మిగిలేవి ఇలాంటివే. పది నెలలు గడిచాయి, రెండు నెలలు ఉన్నాయి. పైగా 221కి ఎఫ్‌ఐఆర్ ఒక్కటే చాలదు, మీరో మీ పై అధికారో మేజిస్ట్రేట్‌కి రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వాలని బీఎన్‌ఎస్‌ఎస్ 215 చెబుతోంది, చాలా కేసులు అక్కడే కొట్టుకుపోతాయి. గడువుకి లెక్క ఎఫ్‌ఐఆర్ రాసిన తేదీ లేదా కోర్టులో ఫిర్యాదు వేసిన తేదీ. అన్నీ కలిపి విచారిస్తే పెద్ద సెక్షన్ గడువే వర్తిస్తుందని ఎవరైనా అంటే నిజమే, కానీ ఆ పెద్ద సెక్షన్ మీ బైక్ చీటీ మీద ఆధారపడి ఉంది, దాన్ని నమ్ముకోకండి.

చేయాల్సిన పని: సోమవారం స్టేషన్‌లో రాతపూర్వక ఫిర్యాదు. తీసుకోకపోతే రిజిస్టర్డ్ పోస్టులో ఎస్పీకి లేదా కమిషనర్‌కి, అక్కడా కదలకపోతే అఫిడవిట్‌తో బీఎన్‌ఎస్‌ఎస్ 175(3) కింద మేజిస్ట్రేట్ దగ్గరకి. సర్దుకుపొమ్మన్న అధికారి అదే మాట కాగితం మీద రాసి ఇవ్వరు, కాబట్టి మీరే రాయండి: దాడి జరిగింది, రాత్రి బీట్‌కి ఒంటరిగా వెళ్ళలేను, ప్రభుత్వ ఆయుధం గానీ ఆర్మ్‌డ్ రిజర్వ్ పోలీసు ఎస్కార్ట్ గానీ ఇప్పించండి అని డీఎఫ్‌ఓ (జిల్లా అటవీ అధికారి) పేరు మీద. జవాబు రాకపోయినా ఆ కాపీ రేపు మీకు పనికొస్తుంది. సొంతంగా లైసెన్స్‌కి దరఖాస్తు పెట్టుకునే హక్కు మీకుంది, అయితే అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపల కొత్త లైసెన్స్ కావాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ముందస్తు సమ్మతి ఉండాలి, వచ్చినా అది మీ సొంత రక్షణకే, డ్యూటీకి కాదు. అదే పది కిలోమీటర్ల నిబంధన కింద మీ నాన్నగారి తుపాకీ వార్డెన్ దగ్గర నమోదు అయిందో లేదో ముందు చూడండి. లైసెన్స్ రెన్యువల్ తేదీ కూడా మీరు పంపిన జిరాక్స్‌లో మసకగా ఉంది, నాకైతే దాటిపోయినట్టే కనిపిస్తోంది.