కాలువ కట్టేశాక (నీళ్లు ఆపేశాక) మంచినీళ్ల చెరువు ఎందుకు పచ్చబడుతోంది?

మీరడిగింది ఇదీ: కోనసీమలో కాలువ చివరి ఊరు, కాలువ కట్టేసిన రెండు నెలలూ చెరువు నీళ్లే దిక్కు, మే వచ్చేసరికి అవి పచ్చబడి కుళాయిలో నీచు వాసన, పెద్దల కాలంలో ఇలా లేదంటున్నారు, నిజమేనా అని.

నిజమేనండి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు వచ్చాక ఊరి చెరువుకి కాలువ నుంచి తూము పెట్టుకున్నారు. సముద్రం దగ్గర బోరు వేస్తే చాలాచోట్ల ఉప్పునీరే. అందుకే మంచినీళ్ల చెరువులో కాళ్లు కడగనిచ్చేవారు కాదు, గేదెల్ని గట్టెక్కనిచ్చేవారు కాదు. బిందెతో ముంచుకెళ్లి చిల్లగింజ అరగదీసి తేర్చుకునేవారు. ఆ రేవులో దళితుల్ని బిందె ముంచనివ్వని ఊళ్లూ ఉన్నాయి. పేటకి వేరే చెరువు ఎందుకుందో ఊరి చరిత్ర రాసేవాళ్లు దాచకుండా రాయాలి.

ఇప్పుడు పచ్చబడటానికి మొదటి కారణం చేపల పాట, అంటే చేపల పెంపకానికి చెరువుని వేలం వెయ్యడం. మేత, కోళ్ల పెంట పడ్డ నీటికి ఎండ తగిలితే నాచు పట్టక మానదు. పాట డబ్బు పంచాయతీకి ఎంత అవసరమైనా తాగే చెరువుని పాటకి పెట్టకూడదు.

రెండోది లెక్క. 3,000 మందికి తలకి 55 లీటర్ల చొప్పున 60 రోజులకి 99 లక్షల లీటర్లు కావాలి. ఎకరం చెరువులో సెంటీమీటరు నీరంటే సుమారు 40 వేల లీటర్లు. అంటే వాడకానికే రెండున్నర మీటర్లు. ఎండకి రోజుకి అర సెంటీమీటరు పోయినా 30 సెంటీమీటర్లు, తోడకూడని అడుగు నీరు రెండడుగులు. మొత్తం పదకొండు అడుగులు. గట్లు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి ఇంకాస్త ఎక్కువే. అంత లేకపోతే మే నెలాఖరుకి బురద మీది నీరే తోడతారు, వాసన అక్కణ్ణుంచే.

అలాగని ఎడాపెడా తవ్వించకండి. నల్లమట్టి కింద ఇసుక పొర తెగిందంటే మంచినీరు ఇంకిపోతుంది, ఉప్పునీరు ఊరుతుంది. ముందు నాలుగు మూలలా గుంటలు తీసి బంకమట్టి ఎంత మందం ఉందో చూసి, మీది ఒండ్రు వరకే తియ్యండి. ఆ ఒండ్రు కొబ్బరి మొదళ్లకి బంగారం.

చెరువు నింపడం కాలువ కట్టేసే ముందు నీళ్లొదిలే చివరి వంతులో. వంతు మొదలయ్యాక తొలి పూట నీరు చెత్తంతా మోసుకొస్తుంది, అది పోయాకే తూము ఎత్తాలి, మూతికి వల కట్టాలి. చేల నుంచి దిగే మురుగు కోడు నీరు ఎంత తేటగా కనిపించినా పెట్టకండి, పురుగుమందు అందులోనే వస్తుంది.

ఇసుక ఫిల్టరు బెడ్డు ఉంటే, నీరు దిగడం మందగించినప్పుడు పైపొర ఒకటి రెండు సెంటీమీటర్లే గీకాలి. పార పెట్టి మొత్తం తిరగేస్తే నీటిని శుభ్రం చేసే జిగురు పొర పోతుంది. గీకాక ఒకటి రెండు రోజుల నీరు ట్యాంకుకి ఎక్కించకుండా బయటికి వదిలెయ్యండి.